అరువిచ్చిన వేలు

ముక్కు మూసుకోవాలని ఉంది, మూసుకోలేడు. పక్కన పడుకున్నది వియ్యంకుడు. కూతుర్నిచ్చిన ఇంటికి పెద్ద. ఆయన ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూచోవడానికే వెనకాడే మనిషి, ఆయన మేజోళ్ళ కంపుకి ముక్కు మూసుకుంటే ఏం బావుంటుంది? అందుకని నోటితో పీలుస్తున్నాడు. నోటితో పీలిస్తే ఆ కంపు వచ్చి నాలుక మీద కూచుంటోంది, రుచి కూడా తెలుస్తోంది, తడిసి ఆరని ఉన్ని, పులిసిన చెమట, ఆయన రెండు గుక్కలు తాగి వదిలేసిన సూపు గిన్నెలో తెల్లగా పేరుకున్న కొవ్వు, మూత సరిగ్గా బిగించని సీసా, ఛీ, ఆ సీసా సంగతి ఇప్పుడు తలుచుకోకూడదు. ఇద్దరు పడుకుంటే మూడోవాడి నీడ కూడా పట్టని గుడారం. బయట గాలి గుడ్డని పట్టుకుని బండకేసి బాదినట్టు బాదుతోంది. పసుపు గుడ్డలోంచి దిగే మధ్యాహ్నపు వెలుగులో అన్నీ పసుపే, తన చేతులు, బూట్లు, సంచులు, వియ్యంకుడి చెంపలు, ఆస్పత్రిలో కామెర్లవాళ్ళ గదిలో పడుకోబెట్టినట్టుంది. ఆయన పెదాలు మాత్రం పసుపు కాదు. సిరా తాగిన పిల్లాడి పెదాల్లా ఉన్నాయి. చూడకూడదు. చూస్తే తెలిసినట్టవుతుంది, తెలిస్తే చెప్పాల్సొస్తుంది. ఇంకాసేపట్లో గైడు వస్తాడు, గుడారం గుడారానికీ వంగి, అడుగున జిప్పు జానెడు తీసి, వేళ్ళు పెట్టండి సార్లూ అంటాడు. అందాకా ఇలాగే వెల్లకిలా పడుకుని ఆయన ఊపిరి వినాలి. ఊపిరా అది? గ్లాసు అడుగున మిగిలిన నాలుగు చుక్కల్లో గొట్టం పెట్టి పీల్చినట్టు గురగుర, గురగుర, మధ్యలో ఆగడం, ఆగినప్పుడల్లా తన ఊపిరి కూడా ఆగడం, మళ్ళీ గురగుర. ఆగితే భయం, మొదలైతే రోత.

బతికిందంతా పరాయివాళ్ళ మురికి మీదే. ఊళ్ళో సగం లాడ్జీల దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు అతని లాండ్రీకే వస్తాయి. గదిలో ఎవరు దిగారో, ఏం తిన్నారో, దేనికి ఏడ్చారో మనిషిని చూడకుండా దుప్పటి చూసి చెప్పగలడు, చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు గానీ. మోచేతులదాకా రబ్బరు తొడుగులు, ముక్కుకి గుడ్డ, సాయంత్రం ఇంటికెళ్ళగానే తల మీంచి స్నానం, విడిగా గ్లాసు, విడిగా తువ్వాలు, విడిగా సబ్బు. 'నన్ను కూడా ఓసారి యంత్రంలో తిప్పి ఆరేస్తే తప్ప మీకు పనికిరానేమో' అని భార్య నవ్వేది. నవ్వే మాటే గానీ నిజం లేకపోలేదు. మనుషులంటే అతనికి చిన్నప్పట్నుంచీ కొంచెం ఏవగింపు, వాళ్ళ నోళ్ళు, గోళ్ళు, వాళ్ళు వదిలి వెళ్ళేవి. అందరిలోకీ ఎక్కువ ఏవగింపు కలిగిన మనిషే వచ్చి వియ్యంకుడయ్యాడు. టైల్సు షోరూము ఆయనది, గోడలన్నీ అద్దాల్లా మెరిసిపోతుంటాయి, ఆయన మాత్రం మొదటి రోజు భోజనాల దగ్గర చేతిలో సగం కొరికిన స్వీటు ముక్క పట్టుకుని, 'బావగారూ, ఇది మీరు రుచి చూడాల్సిందే' అని ఏకంగా నోటి దగ్గరికి తెచ్చాడు. పళ్ళ గుర్తులు కనబడుతున్నాయి ముక్క మీద. పెళ్ళికూతురి తండ్రి నోరు తెరిచాడు. నమిలాడు. మింగాడు. బావుందన్నాడు. ఇప్పటికీ ఆ ముక్క కడుపులో అరగకుండా ఉన్నట్టే ఉంటుంది, ఈ ఎత్తులో వికారం వచ్చినప్పుడల్లా ముందు ఆ తీపే గొంతులోకి ఎగదన్నుతోంది.

ఆయనకి ఈ కొండ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పడానికి పెద్ద కథేం లేదు. ఆయనతో కలిసి చదువుకున్న ఒక సిమెంటు వ్యాపారి, ఆయనకంటే లావుగా ఉండేవాడు, ఏదో మంచు కొండెక్కి జెండా పట్టుకుని ఫోటో దిగి తన ఆఫీసు గోడకి నిలువెత్తున పెట్టుకున్నాడు. అంతే. గైడు దగ్గరుండి ఎక్కించే బృందమొకటి వెతికి పట్టుకున్నాడు, తాళ్ళూ గుడారాలూ వంటా అంతా వాళ్ళే చూసుకుంటారట, మనం కాళ్ళు తీసుకెళ్తే చాలట. 'మీరు కూడా రావాలి బావగారూ, మనిద్దరికీ ఒకటే గుడారం' అన్నాడు, అదేదో వరమిస్తున్నట్టు. కుదరదని చెబుదామని నోరు తెరిచేలోగా కూతురు ఫోను చేసింది. గొంతు తగ్గించి, వంటింట్లో కుళాయి తిప్పుకుని మాట్లాడినట్టుంది, నీళ్ళ చప్పుడు వెనకాల. 'నాన్నా, మావయ్యగారు ఒక్కరే వెళ్తే ఇక్కడెవరికీ నిద్ర పట్టదు. నువ్వెళ్ళు. ఎదురు మాత్రం చెప్పకు, కోపమొస్తే ఆయన నెల్లాళ్ళు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడరు, అందరికీ నరకం. కానీ చూసుకో నాన్నా. జాగర్తగా తీసుకురా.' ఎదురు చెప్పకు. చూసుకో. ఈ రెండు మాటలూ ఆ రోజు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూచున్నాయి. ఈ రోజు ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయి, మధ్యలో నలిగేది తను.

కొండ అంటే తెల్లగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉంటుందనుకున్నాడు. కింద క్యాంపుల్లోనే, రాళ్ళ సందుల్లో ఎప్పటివో నూడుల్సు పాకెట్లు, చిరిగిన గుడారాల పీలికలు, మంచులో గడ్డకట్టి మళ్ళీ ఎండకి బయటపడ్డ ఎవరెవరివో మలమూత్రాలు, ఛీ ఛీ, కాలెక్కడ పెట్టాలో తెలియలేదు. తాగే నీళ్ళు కూడా ఆ మంచు కరగబెట్టినవే కదా అన్నాడు గైడుతో. 'పైకి పోయేకొద్దీ శుభ్రంగానే ఉంటుంది సార్, అక్కడిదాకా వచ్చి పాడుచేసే ఓపిక ఎవరికుంటుంది' అని నవ్వాడు గైడు, ఎండకి మంచుకి పెదాలు చిట్లిన మనిషి, నవ్వితే రక్తం వస్తుందేమోనని సగమే నవ్వుతాడు. గుడారంలో వియ్యంకులిద్దరి మర్యాదలు చూడాలి. రాత్రిళ్ళు బయటికి వెళ్ళలేని చలి, ఎవరి సీసా వారికి. 'బావగారూ, తమరు కాస్త అటు తిరుగుతారా?' 'అయ్యో, దానికేం బావగారూ, కానివ్వండి.' అటు తిరిగి, గుడ్డ గోడకి ముక్కు ఆనించి, చెవులు మాత్రం మూసుకునే వీల్లేక, ఆ చప్పుడంతా వింటూ, అయిపోయాక 'అయిందాండీ' అని అడగాలా అక్కర్లేదా అని ఆలోచిస్తూ. రెండు సీసాలూ ఒకటే రకం. ఒకరోజు పొద్దున ఆయన నవ్వుతూ, 'మీదో నాదో తెలీలేదు బావగారూ, ఏదైతేనేం, ఒకింటి వాళ్ళం' అన్నాడు. ఒకింటి వాళ్ళం! ఆ మాటకి ఒళ్ళంతా గొంగళిపురుగు పాకింది. అయినా నవ్వాడు. ఎన్నిసార్లు నవ్వాడో ఈ మనిషి ముందు, దవడలు నొప్పెట్టేలా, ఆ నవ్వులన్నీ ఒకచోట పోగేస్తే ఎంత మురికి మూటవుతుందో.

గురగుర ఆగింది. ఊపిరి బిగబట్టాడు. వియ్యంకుడు కదిలి, దగ్గి, అటు తిరిగి తలకింది దేన్నో తీసి నోటికి అదుముకున్నాడు. మళ్ళీ గురగుర. హమ్మయ్య అనాలో ఛీ అనాలో.

గైడు చెప్పలేదా అంటే మొదటి క్యాంపులోనే అందరినీ కూచోబెట్టి చెప్పాడు. ఎత్తులో కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, పడుకున్నా ఆయాసం వస్తుంది, తడి దగ్గు, పెదాలు నీలం, ఉమ్మితే గులాబీ రంగు నురగ, అది వచ్చిందంటే ఇంక ఆలోచన లేదు, అదే ఘడియలో కిందికి దిగాలి, దిగితే మనిషి నిలబడతాడు, ఆగితే పోతాడు. అందుకే ఈ వేలి ఆట. బట్టలారేసే క్లిప్పులాంటిది వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. ఇంకొకటి కూడా చెప్పాడు, ఎవరికి బాగాలేకపోయినా నా అసిస్టెంటు వాళ్ళని తీసుకుని దిగుతాడు, ఒక్కణ్ణే మిగతావాళ్ళని పైకి తీసుకెళ్ళలేను, కాబట్టి ఒకరు దిగితే అందరూ దిగినట్టే. ఆ మాటకి అందరూ తలలూపారు, ఎంతో ధర్మాత్ముల్లా. ఆ క్షణం నుంచీ బృందంలో ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. వచ్చినవాడు రాలేదన్నాడు, పక్కవాడికి వస్తే చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. పొద్దున్నే ఒకరి మొహంలో ఒకరు కళ్ళు పెట్టి చూసుకునేవాళ్ళు, బావున్నారా అని కాదు, వీడు నా శిఖరాన్ని చెడగొట్టడు కదా అని.

నిన్న ఇక్కడికి, ఈ ఆఖరి క్యాంపుకి వచ్చాక గాలి మొదలైంది. గైడు వచ్చి జిప్పు జానెడు తీశాడు. చేతికి మందపాటి గ్లోవు, కళ్ళకి నల్లద్దాలు, గడ్డమంతా మంచు. 'వేళ్ళు పెట్టండి సార్లూ, తొందరగా.' అతను కుడి చూపుడువేలు బయటికి పెట్టాడు. క్లిప్పు పట్టింది, వదిలింది. 'బాగుంది. రెండో సారు?' వెనక్కి తిరిగేసరికి వియ్యంకుడు కళ్ళతోనే వద్దన్నాడు. వద్దనడం కాదు, బతిమాలడం. టైల్సు షోరూములో పనివాళ్ళని గడగడలాడించే ఆ కళ్ళు పిల్లాడి కళ్ళలా, లెక్కల మాస్టారు పిలిస్తే బెంచీ కింద దాక్కునే పిల్లాడి కళ్ళలా. అతని ఎడమ చేతిని ఆయనే పట్టుకుని, మెల్లిగా, జిప్పు వైపు తోశాడు. అతను ఎడమ చూపుడువేలు పెట్టాడు. అంతే, అంత సులువుగా. ఆలోచించడానికి తీసుకున్న సమయం కూడా లేదు. బయట గైడు క్లిప్పు చూసుకుని, 'ఇద్దరికీ ఒకటే అంకె వచ్చిందే' అన్నాడు. 'మరి వియ్యం ఊరికే కుదిరిందా!' అని లోపల్నుంచి అరిచాడు వియ్యంకుడు, అరిచినందుకు పాపం ఆ తర్వాత చాలాసేపు నోరు తెరుచుకుని పడుకోవాల్సొచ్చింది. గైడు నవ్వుతూ వెళ్ళిపోయాడు. పక్క గుడారంలో, బృందంతో వచ్చిన పళ్ళ డాక్టరు కూడా నవ్వాడు. తనూ నవ్వాడు. మూటలోకి ఇంకో నవ్వు.

పొద్దున చేతిరుమాలు. ఆయన చాలా జాగర్తగా, ఉంగరం దాచిపెడుతున్నట్టు మడతపెట్టి సంచిలో దోపుకుంటుంటే ఒక మూల కనబడింది. గులాబీ రంగు. బట్టలతో బతికినవాడు, ఏ మరక ఏదో తెలియదనడానికి వీల్లేదు. 'చిగుళ్ళు బావగారూ, చలికి చిగుళ్ళు పగిలాయి' అన్నాడాయన. అదుగో, అక్కడే దేవుడిలా దొరికాడు పళ్ళ డాక్టరు. తనే గుడారం గుడ్డ మీద తట్టి అడిగాడు, 'డాక్టరుగారూ, బావగారికి నోట్లోంచి కొంచెం ఎరుపు పడుతోంది, ఓసారి చూస్తారా?' అవతల బట్టలు సర్దుకున్న చప్పుడు. 'చిగుళ్ళే అయుంటాయండీ. ఈ ఎత్తులో మామూలే. రేపు పైకెళ్ళొచ్చాక తీరిగ్గా చూస్తా.' జిప్పు తియ్యలేదు, తల బయట పెట్టలేదు, నోరు చూడకుండానే చిగుళ్ళని తేల్చేశాడు. తీరిగ్గా చూస్తాడట. ఊళ్ళో ఇలాగే చూస్తాడా రోగుల్ని, గోడ అవతల్నుంచి? థూ. అనుకున్నాడు గానీ, అనుకుంటూనే ఒక సంగతి చప్పున తట్టింది, తను కూడా ఆ జవాబు కోసమే అడిగాడు. గైడుని అడగొచ్చు. అడగలేదు. చూడనివాడు ఎవడో వెతికి వాణ్ణే అడిగాడు. చిగుళ్ళని వాడి చేత అనిపించుకుని, ఆ మాటని ఇస్త్రీ చేసి మడతపెట్టి దాచుకున్నాడు, కూతురు అడిగితే చూపించడానికి, డాక్టరే చెప్పాడమ్మా అని.

దాహమేస్తోంది. నోరు పిడచకట్టుకుపోయింది. తన నీళ్ళ సీసాలో అడుగున ఐసు ముక్క, కదిలిస్తే గలగలమంటోంది తప్ప దిగదు. వియ్యంకుడి సీసా ఆయన తలవైపున, సంచికీ తలకీ మధ్య ఉంది. ఆయన నోరు పెట్టి తాగిన సీసా. ఛీ. దాహం. ఛీ. మోచేతి మీద లేచి, ఆయన మొహం మీద తన ఊపిరి పడకుండా తల పక్కకి తిప్పి, చెయ్యి చాపి తడిమాడు. సీసా బదులు గుడ్డ తగిలింది. నున్నటి గుడ్డ, ఒకచోట తడి, ఒకచోట గట్టిగా గడ్డకట్టి. లాగాడు. నీలం రంగు శాటిను. ఇదెక్కడిదో తెలుసు. తన లాండ్రీలోనే, తన చేత్తోనే ఇస్త్రీ చేసిన గుడ్డ. శిఖరం మీద పట్టుకోవడానికి ఆయన కుట్టించుకున్న బ్యానరు, షోరూము పేరు, కింద ఫోను నంబరు, మధ్యలో ఆయన నవ్వు మొహం. ఫోను నంబరు కూడానా బావగారూ, అక్కడికొచ్చి టైల్సు కావాలని ఎవడు ఫోను చేస్తాడు అని అనబోయి అప్పుడు కూడా నోరు మూసుకున్నాడు. 'మడత నలగకూడదు బావగారూ, ఫోటోలో గీత పడుతుంది' అని ఎన్నిసార్లు చెప్పాడో ఆయన, కాగితం గొట్టానికి చుట్టి, గొట్టం మీద ఇంకో గుడ్డ చుట్టి, ఇంతెత్తు ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. ఇప్పుడది పిడికెడు ఉండ. ఫోటోలో నవ్వు మీద, పళ్ళ మీద, మీసాల మీద నురగ, గులాబీ రంగుది, కొత్తది పాతదాని మీద, పొరలు పొరలుగా. చేతిరుమాళ్ళు అయిపోయాక ఇందులోకి దిగాడు.

గుడ్డని వదిలేశాడు, నిప్పు ముట్టుకున్నట్టు. చేతిని తుడుచుకోవడానికి చోటు వెతికాడు, దేనికి తుడుచుకున్నా అది తన ఒంటికి తగిలేదే. కడుపులోంచి ఆ పాత స్వీటు ముక్క మళ్ళీ లేచింది, గొంతుదాకా వచ్చింది, బలవంతాన మింగాడు. రోత వెనకాల ఇంకేదో నెమ్మదిగా వస్తోంది, వద్దన్నా వస్తోంది. రేపు ఆ గుడ్డ పట్టుకుని నిలబడతాననుకునే మనిషి దాంట్లో ఉమ్మడు. మేజోడులో ఉమ్ముతాడు, చొక్కాలో ఉమ్ముతాడు, వియ్యంకుడి దుప్పట్లో అయినా ఉమ్ముతాడు, దాంట్లో ఉమ్మడు. ఆయనకి తెలుసు. నోటితో ఒప్పుకోడు, చేతులు ఒప్పేసుకున్నాయి. శిఖరం అయిపోయిందని ఆయన చేతులకి పొద్దున్నే తెలుసు, పరువు పోతుందని నోరొక్కటే అబద్ధమాడుతోంది, ఆ అబద్ధాన్ని నిలబెడుతున్నది ఎవరి వేలు? మర్యాద అనుకున్నాడు. ఎదురు చెప్పకన్న కూతురి మాట అనుకున్నాడు. ఏం మర్యాద?

నిన్న ఈ క్యాంపుకి చేరగానే, గాలి ఇంకా మొదలవకముందు, మంచు తవ్వుకురావడానికి గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళాడు. తలెత్తాడు. అదుగో అక్కడుంది శిఖరం. మబ్బు తొలిగింది, ఎండ దాని మీద పడింది, ఎవరూ పడుకోని దుప్పటి, ఎవరూ చెయ్యి తుడుచుకోని తువ్వాలు, పుట్టి బుద్ధెరిగాక ఉతకక్కర్లేనిది ఒక్కటి చూశాడు. గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. కాళ్ళ కింద బృందం వాళ్ళ ఉమ్ములు, పచ్చగా చిల్లులు పడ్డ మంచు, అవేవీ కనబడలేదు. నేను దానిమీద నిలబడాలి అనుకున్నాడు. వియ్యంకుడు కాదు, కూతురు కాదు, బ్యానరు కాదు. నేను. ఈ ముక్కుతో అక్కడి గాలి ఒక్కసారి పీల్చాలి, వాసన లేని గాలి. ఆ తర్వాత కాసేపటికే కదా జిప్పులోంచి ఎడమ వేలు పెట్టింది. ఆయన తోశాడంటే తోశాడు, వేలు మాత్రం తనంతట తనే వెళ్ళింది, పెళ్ళిపిలుపుకి వెళ్ళినట్టు వెళ్ళింది. అందుకే ఆలోచన రాలేదు. అందుకే గోడ అవతలి పళ్ళ డాక్టరు దగ్గరికి చిగుళ్ళు పట్టుకుని వెళ్ళింది. ఈయన తల ఇలా సోలిపోతుంటే, పెదాలు నల్లబడుతుంటే, గుడారంలో తను నోటితో ఊపిరి పీలుస్తూ కంపు గురించి ఆలోచించాడు. మేజోళ్ళ కంపు గురించి! మనిషి నీళ్ళలో మునుగుతుంటే పక్కన కూచుని, వాడు కాళ్ళు కడుక్కోలేదేమని. ఇంత ఉతికాడు, ఇంతమందివి ఉతికాడు, ఈ మురికి ఏ నీళ్ళకి వదులుతుంది? యాక్. తన నోట్లోంచే తనకి కంపు కొట్టింది. రేపొక్కరోజే కదా, సాయంత్రానికి దిగేస్తాం కదా, ఆగకపోతాడా అని లోపల్నుంచి ఎవడో ఇప్పటికీ సన్నగా, ఎంతో మర్యాదగా అంటూనే ఉన్నాడు. బావగారూ అని పిలిచే గొంతుతోనే అంటున్నాడు.

బయట మంచు మీద బూట్ల చప్పుడు. పక్క గుడారం దగ్గర ఆగింది. పళ్ళ డాక్టరు గొంతు హుషారుగా, 'పర్ఫెక్ట్! రేపు పైకేగా గైడుగారూ?' 'గాలి తగ్గుతుందంటున్నారు సార్. అందరూ బాగుంటే వెళ్దాం.' 'అందరూ బ్రహ్మాండంగా ఉన్నారు.' బూట్లు ఇటు తిరిగాయి. వియ్యంకుడికి మెలకువ వచ్చింది, లేక నిద్రే పోలేదో, కళ్ళు తెరిచాడు. ముందు జిప్పు వైపు చూశాడు, తర్వాత కింద పడి ఉన్న నీలం ఉండ వైపు చూశాడు, తర్వాత అతని మొహంలోకి. చెయ్యి చాపి బ్యానరుని మెల్లిగా తన కిందికి లాక్కుని, దాని మీద పడుకున్నాడు. 'చిగుళ్ళు' అన్నాడు, గాలి లేని గొంతుతో. 'రేపొక్కరోజే బావగారూ... ఒక్కరోజు.'

జిప్పు జానెడు లేచింది. చల్లగాలి కత్తిలా లోపలికొచ్చింది, కంపుని ఒక్క క్షణం రెండుగా కోసింది. 'వేళ్ళు పెట్టండి సార్లూ.'

కుడి చూపుడువేలు చాచాడు. సగం దూరం వెళ్ళింది. ఆగింది. వెనక్కి తిరిగి వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పిడికిలి బిగించాడు. ఏం బలం మిగిలిందని, అయినా బిగించాడు, గోళ్ళు నీలంగా, మధ్యలో ఉమ్మి తడి, జిగురు, అన్నీ. ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లల గుప్పిట్లోంచి మింగకూడనిది ఏదో తీసినట్టు ఒక్కొక్క వేలే విప్పాడు. వేలు జారింది, జిగురుకి జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. మోకాలు ఆయన మోచేతి మీద అదిమి, చూపుడువేలుని జిప్పు సందులోంచి బయటికి తోసి, మణికట్టు వదలకుండా అలాగే పట్టుకున్నాడు. 'బావగారూ' అంటున్నాడాయన, 'బావగారూ, వద్దండీ, బావగారూ...' ఎదురు చెప్పకు నాన్నా. చెప్పలేదమ్మా. ఒక్క మాట కూడా అనలేదు.

బయట క్లిప్పు పట్టింది. క్లిప్పు వదిలింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ వదిలింది. గైడు గ్లోవు తీసినట్టుంది, వట్టి వేళ్ళతో ఆ గోరు పట్టుకుని చూస్తున్నట్టు తెలిసింది. 'ఇది ఎవరిది?' అన్నాడు. గొంతులో సార్లు లేరు.

'మా బావగారిది' అన్నాడతను. 'నిన్న పెట్టినవి రెండూ నావి.'

జిప్పు ఒక్క లాగుతో కిందనుంచి మీదదాకా చిరిగినట్టు తెరుచుకుంది. పసుపంతా పోయి తెల్లటి వెలుగు లోపలికి పడింది, అందులో వియ్యంకుడి మొహం మొదటిసారి దాని అసలు రంగులో కనబడింది. గైడు ఒక చూపు ఆయన్ని చూశాడు, ఒక చూపు ఇతన్ని చూశాడు, ఆ రెండో చూపు పళ్ళెం తోసేసే చూపు, నోట్లో పెట్టుకోబోయి పురుగు చూసినవాడి చూపు. వెనక్కి తిరిగి అసిస్టెంటుని కేకేశాడు, ఆక్సిజన్ తెమ్మన్నాడు, 'సర్దండి! అందరూ కిందికే!' అని గాలిలోకి అరిచాడు. 'అరే, ఛ!' అంది పక్క గుడారం. 'ఎవరండీ? ఎవరికి? పొద్దున బాగానే ఉన్నారుగా!' వియ్యంకుడు పైకప్పు వైపు చూస్తూ, ఒక్కో మాటకి ఒక్కోసారి ఊపిరి తెచ్చుకుంటూ, 'మీరు... ఇంత పని... చేస్తారనుకోలేదు... బావగారూ' అన్నాడు. అప్పుడు కూడా బావగారూ. ఇంటికెళ్ళాక నెల్లాళ్ళ మౌనం, కూతురి మొహం, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పక్కకి తిరిగిపోవడం, అన్నీ ఒకేసారి వచ్చి గుడారం ముందు నిలబడ్డాయి. నిలబడనీ. మౌనంగా ఉండాలంటే మనిషి ఉండాలి ముందు.

వాటి వెనకాల, తెరిచిన గుడ్డల మధ్య, గాలి మబ్బుని పక్కకి లాగిన చోట అది కనబడింది. అలాగే ఉంది, తెల్లగా, మడత నలగకుండా. ఎవరు వస్తే ఏం, ఎవరు పోతే ఏం అన్నట్టు. ఒక్క క్షణం చూశాడు. దాని తెలుపు మీద కూడా కక్కాలనిపించింది.

'బూట్లు తొడగండి ఆయనకి, కట్టుకుని మొయ్యాలి' అన్నాడు గైడు. అతను మోకాళ్ళ మీద వంగి వియ్యంకుడి పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. బరువుగా, చల్లగా, తడిమేజోడుతో. కంపు తగ్గలేదు, కొంచెం కూడా తగ్గలేదు, తిన్నగా మొహానికే కొట్టింది. బూటులో మడమ దూరలేదు. 'కాస్త తన్నండి బావగారూ' అన్నాడు, ఆయన తన్నలేదు, తన్నే బలం లేదో ఇష్టం లేదో. ఒక చేత్తో మడమ కింద పట్టి, రెండో చేత్తో బూటు నాలుక లాగి, గుండెకి ఆనించి నెట్టాడు. ఆ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. థూ అనుకున్నాడు, పైకి కూడా అన్నాడేమో. ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.